ముందు ఎవరి వేలిముద్ర?

దవాఖానలో కొత్తగా చేరిన ఆయమ్మలు, నర్సు ట్రైనింగుకు వచ్చిన పిల్లలు కలిసి మొన్న మా ఇంటికి వచ్చిన్రు. "ఆయమ్మా, నీ సర్వీసుల బాగ యాదికున్న ముచ్చట ఒక్కటి రాసియ్యి, మేం చదువుకుంటం" అన్నరు. నాకు నవ్వొచ్చింది. సర్వీసంతా జీతం పట్టీ మీద బొటనవేలు ఒత్తినదాన్ని నేను. యాభై దాటినంక, సాయంత్రం బడిలో, మనుమరాలి పలక ఒళ్ళో పెట్టుకొని అ ఆలు దిద్దిన. అందుకే నా అక్షరాలు లావుగా ఉంటయి, వరుసలు మీదికి ఎక్కుతయి. సర్దుకొని చదువుకోండ్రి.

దవాఖాన ముచ్చట అంటే ఏడుపు ముచ్చటే అనుకుంటరు అందరు. నాకు యాదికున్నది మాత్రం నవ్వు ముచ్చట. కాకపోతే ఆ నవ్వుల నడుమ ఒక పిల్ల పానం ఊగులాడింది.

అప్పుడు నేను మంచిర్యాల దిక్కు ఒక సర్కారు దవాఖానలో, ఆడవాళ్ళ వార్డులో పనిచేస్తున్న. ఊడ్చుడు, తుడుచుడు, బేసిన్లు పెట్టుడు, తీసుడు ఎట్లాగూ ఉండేవి. వాటితో పాటు ఇంకో పని నా మీద పడ్డది. వేలిముద్రలు పట్టించుడు. ఆపరేషన్ కాగితం రాగానే సిరా డబ్బా పట్టుకొని నేను పోవాలె. వేలు వాళ్ళది, ఒత్తేది నేను. వ్యవసాయం చేసేటోళ్ళ వేళ్ళు పగిలి ఉంటయి, సిరా పగుళ్ళలోకి పోయి బయటికి రాదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళ వేళ్ళు ఇంకో తీరు. ఆకు మడిచి మడిచి గీతలన్ని అరిగిపోయి, ఎంత ఒత్తినా కాగితం మీద నల్ల మచ్చ తప్ప ఏం పడదు. అట్లాంటి వేలును స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, సిరా కొంచెమే అద్ది, చంటిపిల్లను పక్క మీద పండబెట్టినట్టు మెల్లగ ఒరిగించాలె.

మా డాక్టరమ్మ కోస్తా దిక్కు నుంచి వచ్చిన మనిషి. పొట్టిగ, చురుకుగ ఉండేది. కొత్తలో మా మాట ఆమెకు, ఆమె మాట మా రోగులకు అర్థం కాక, నడుమ నన్ను నిలబెట్టుకొని మాట్లాడేది. హెడ్ సిస్టరమ్మ మిషన్ దవాఖానలో పని నేర్చుకున్న మనిషి. దుప్పటి మీద ముడత కనబడితే రోగిని లేపి మరీ సరిచేయించేది. కోపం వస్తే ఒక్క మాట అనేది కాదు, కీర్తన అందుకునేది. కీర్తన వినబడ్డదంటే మేం తలో దిక్కు పనిలో పడేవాళ్ళం.

ఆ పిల్ల వచ్చిన పొద్దు నేను వార్డు కడుగుతున్న. ఒక దిక్కు అత్త, ఒక దిక్కు తండ్రి రెక్క పట్టుకొని నడిపించుకొచ్చిన్రు. నాలుగడుగులు వేస్తే నిలబడి దమ్ము తీసుకుంటున్నది. సన్నగ, బొండుమల్లె కాడ లెక్క ఉన్నది. మంచం మీద కూర్చోబెట్టి వీపుకు దిండ్లు పెట్టిన. పండుకుంటే దమ్ము ఆడదు కాబట్టి కూర్చునే నిద్రపోవాలె. అంత పరేషాన్‌లో ఉండి కూడా నన్ను చూసి, "ఆయమ్మా, గీ దిండ్లన్ని నాకే ఇస్తె పక్కామె కొట్లాటకు రాదా?" అన్నది.

తండ్రిది పెద్దపల్లి దిక్కు పల్లె. ఈ పిల్ల చిన్నగ ఉన్నప్పుడే ఆయన భార్య పోయింది. మళ్ళీ పెండ్లి చేసుకోకుండా తానే వండి పెట్టి పెంచిండు. అత్తది గోదావరికి ఇవతలి ఒడ్డు, మా మంచిర్యాల దిక్కే. ఆమె భర్త దుబాయిలో, కొడుకు భీవండిలో మగ్గం మీద. ఇంట్లో అత్తా కోడండ్లే ఎదురెదురుగ కూర్చొని బీడీలు చుట్టుకుంటూ బతుకుతున్నరు. ఆ అలవాటు పిల్లకు వార్డులో కూడా పోలేదు. కాగితం ముక్క చేతికి దొరికితే చాలు, మాట్లాడుతనే దాన్ని బీడీ చేసేది. ఒకనాడు సిస్టరమ్మ కోపంతో కీర్తన పాడుతుంటే, "సిస్టరమ్మా, నీ పాట మంచిగున్నది గని, కోపం లేనప్పుడు పాడితే ఇంకా మంచిగుంటది" అన్నది. సిస్టరమ్మ మొఖం తిప్పుకొని నవ్విన తీరు నేను చూసిన.

డాక్టరమ్మ పిల్లను చూసింది. కరీంనగర్ నుంచి వచ్చిన పెద్ద డాక్టరు కూడా చూసిండు. ఇద్దరూ ఒక్కటే మాట చెప్పిన్రు.

"ఈ అమ్మాయి గుండెలో ఒక తలుపు సరిగ్గా తెరుచుకోవడం లేదండి" అన్నది డాక్టరమ్మ. "చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందా?"

"వచ్చింది డాక్టరమ్మా. పసరు పోయించిన" అన్నడు తండ్రి.

"ఇప్పుడు మూడో నెల. బిడ్డ పెరుగుతుంటే ఈ గుండె మోయలేదు. ఉంచితే బిడ్డా దక్కదు, తల్లీ దక్కదు. మూడో నెల దాటకముందే కడుపు తీసెయ్యాలి. తర్వాత హైదరాబాద్ తీసుకెళ్ళి గుండెకు ఆపరేషన్ చేయించాలి. అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి, కానూను ప్రకారం పెద్దవాళ్ళు ఒప్పుకుంటూ వేలిముద్ర వెయ్యాలి."

నేను సిరా డబ్బా మూత తీసిన. అత్త తండ్రి దిక్కు చూసింది. తండ్రి అత్త దిక్కు చూసిండు. ఇద్దరి చేతులూ వీపు వెనకకు పోయినయి.

"వెయ్యి తమ్మీ" అన్నది అత్త.

"నేనెట్ల వేస్తనక్కా? లగ్గం చేసి నీ చేతుల పెట్టిన. గా దినాం నుంచి పిల్ల మీది. కడుపుల ఉన్నది మీ వంశం. మీ వంశం మీద నా ఏలు ఎట్ల పెడుత?"

"తొలి కాన్పు తల్లిగారిది గాదా? గీ జిల్లాల ఎవలనన్న అడుగు. మంచైనా, చెడ్డైనా తల్లిగారోళ్ళే చూస్కోవాలె. నేను ఏలు పెడితే రేపు మీ ఊరోళ్ళు ఏమంటరు? అత్త కడుపు తీయించింది అంటరు."

"నేను పెడితే మీ ఊరోళ్ళు ఏమంటరు? తండ్రే వంశం తుంచిండు, గా పిల్లను తోలియ్యుండ్రి అంటరు."

ఇద్దరికీ పిల్ల బతకాలనే ఉన్నది. అందులో అనుమానం లేదు. ఆ పొద్దు అత్త బాయి కాడ మొఖం కడుక్కుంటూ ఏడ్చింది, తండ్రి మందుల గది వెనక నిలబడి ఏడ్చిండు. ఒకరికి తెలియకుండ ఒకరు. కానీ అవతలి ఊరు ఏమంటదో అన్న భయం ఇద్దరి వేళ్ళనూ కట్టేసింది.

ఇగ నా కాళ్ళకు పని పడ్డది. వరండాకు ఈ కొసన అత్త, ఆ కొసన తండ్రి. "పోయి చెప్పు ఆయమ్మా" అని ఈమె, "గట్లయితే గిట్ల అడుగు ఆయమ్మా" అని ఆయన. పెండ్లి మాటలు నడిపిన పేరయ్య కూడ అన్నిసార్లు తిరిగి ఉండడు.

అత్త ఒక ఉపాయం ఆలోచించింది. "నా కొడుకుకు జాబు రాయిస్త. వాడచ్చి ఏలు పెడుతడు. మొగడు గద."

"భర్త సంతకం అవసరం లేదమ్మా. కానూనులో అడగలేదు" అన్నది డాక్టరమ్మ.

అత్త నోరు తెరిచింది. "మొగడద్దా? మరి పిల్ల?"

"పిల్ల ఒప్పుకోవాలి. కానీ చిన్నది కాబట్టి, ఆమె ఒప్పుకుంటే సరిపోదు."

"అంటే మొగడద్దు, పిల్ల సాలది, గీ ముసలిదాని ఏలే గావాలె. మంచి కానూనే చేసిన్రు తియ్యి."

డాక్టరమ్మ ఓపికగ చెప్పింది, పద్దెనిమిది నిండి ఉంటే పిల్ల ఒక్కతే ఒప్పుకుంటే సరిపోయేది, మీ ఇద్దరి పనీ ఉండేది కాదు అని. అంతే. అప్పటిదాకా ఒకరి మొఖం ఒకరు చూడనోళ్ళు ఒక్కటే గొంతుతో, "అయితే నిండినయ్!" అన్నరు.

"ఇరువై ఉంటయ్ డాక్టరమ్మా. మనిషి సన్నగ ఉంటది గని" అన్నది అత్త.

"పొద్దున మీరే చెప్పారు కదండీ" అన్నది డాక్టరమ్మ తండ్రి దిక్కు తిరిగి, "అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బస్సులు బందైన ఏడు పుట్టిందని?"

ఆయన చెవి గోక్కున్నడు. "అంతకు ముందు గూడ ఒకసారి బస్సులు బందైనయ్ డాక్టరమ్మా."

మంచం మీద పిల్ల నవ్వలేక నవ్వి దమ్ము పట్టుకపోయి, డాక్టరమ్మే పిల్ల వీపు మీద చెయ్యి వేసి నిమరాల్సి వచ్చింది.

నేను కూడా నా తెలివి చూపెట్టబోయిన. "ఇద్దరు కలిసి పక్కపక్కన ఒత్తుండ్రి. అప్పుడు ఒక్కరి మీద మాట రాదు గద" అన్న. ఇద్దరికీ బాగానే అనిపించింది. కాగితం ముందర పెట్టుకొని కూర్చున్నరు. అప్పుడు అత్తకు అనుమానం వచ్చింది.

"ముందు ఎవరిది?"

"మొగపిల్లగాని దిక్కోళ్ళు ముందు. మీరే పెద్ద" అన్నడు తండ్రి చేతులు జోడించి.

"అయ్యో, గట్లెట్ల తమ్మీ. పిల్లను కన్నోనివి నువ్వు. నీ ముందర మేమెంత?"

అదే ఇద్దరు ఏడాది కింద పెండ్లిలో కాళ్ళు ముందు ఎవరికి కడగాలె, బువ్వ ముందు ఎవరికి వడ్డించాలె అని కొట్లాడి అలిగిన మనుషులు. ఇప్పుడు ఒకరికొకరు మర్యాదలు చేసుకొని చేసుకొని, కాగితం తెల్లగనే ఉండిపోయింది. నా సిరా డబ్బా ఎండిపోతే నీళ్ళ చుక్కలు వేసి కలుపుకున్న.

నవ్వులాటగనే రోజులు గడుస్తున్నయి. కానీ ఒక పొద్దు డాక్టరమ్మ డ్యూటీ గదిలో కుర్చీకి ఒరిగి కూర్చొని, చాయ్ ముట్టకుండ, "ఆయమ్మా, ఇంకో వారం దాటితే నేను చెయ్యలేను" అన్నది. "ప్రాణం మీదికొచ్చాక అయితే ఎవరి వేలూ అక్కర్లేదు. కానీ అంతదాకా ఆగితే, చేసినా పిల్ల దక్కదు." ఆ మాట విన్నంక వరండాలో నాకు నవ్వు రాలేదు.

దానికి తోడు పిల్ల కాళ్ళు ఉబ్బుతున్నయి. మందులు సక్కగనే పోతున్నయి, ఉప్పు లేని తిండి పెట్టిస్తున్నం, అయినా పొద్దుటికి పొద్దు ఉబ్బు పెరుగుతున్నది. డాక్టరమ్మకు అంతు పట్టలేదు. అంతు పట్టించింది మాత్రం సిస్టరమ్మ దుప్పటి. ఆ పొద్దు ముడత సరిచేద్దామని పరుపు కొస లేపితే, దాని కింద ఒక దిక్కు చిన్న సీసాలో మామిడి తొక్కు పచ్చడి, ఇంకో దిక్కు మోదుగాకులో చుట్టిన సర్వపిండి రొట్టె కనబడ్డయి.

సిస్టరమ్మ కీర్తన అందుకున్నది. అంత గట్టిగ ఆమె పాడంగ నేనెప్పుడు వినలేదు. మగవాళ్ళ వార్డు నుంచి కూడ వచ్చి తొంగి చూసిన్రు.

"ఎవరు పెట్టారు ఇది?" అన్నది డాక్టరమ్మ.

"నాకు తెల్వది" అన్నది అత్త.

"నేను చూడనేలే" అన్నడు తండ్రి.

"నువ్వు చెప్పమ్మా."

పిల్ల దిండు మీదికి ఒరిగి, "నేను కండ్లు మూసుకొని తిన్న డాక్టరమ్మా. ఎవలు పెట్టిన్రో చూడలే" అన్నది.

డాక్టరమ్మ సీసాను చూసింది, ఆకును చూసింది, ఇద్దరినీ చూసింది. తర్వాత మెల్లగ నా దిక్కు తిరిగింది. "ఆయమ్మా, నీకో సంగతి చెప్పనా? కానూనులో తండ్రి అని లేదు, అత్త అని లేదు. పిల్ల ఎవరి సంరక్షణలో ఉందో వాళ్ళు ఒప్పుకోవాలి అని ఉంది."

"అంటే?" అన్నది అత్త నన్ను.

"అంటే, పిల్లను ఎవలు చూస్కుంటున్నరో వాళ్ళు అక్కా" అన్న నేను.

"అందుకే అంటున్నా" అన్నది డాక్టరమ్మ. "ఈవిడ తిండి పెట్టలేదట. ఈయన తిండి పెట్టలేదట. లగ్గమయ్యాక ఆయన పిల్ల కాదు, కాన్పు దగ్గరికొచ్చేసరికి ఈవిడ పిల్ల కాదు. పాపం, ఎవ్వరూ లేని పిల్ల అని రాసుకుంటాం, ఏం చేస్తాం."

ఆ మాట పడ్డదో లేదో, అత్త కొంగు నడుముకు చుట్టింది.

"ఎవ్వలు లేనిదా? ఏం మాట డాక్టరమ్మా గది? తొక్కు నేనే పెట్టిన! ఉప్పు లేని కూడు మింగలేక పిల్ల కండ్లపొంటి నీళ్ళు పెట్టుకుంటె, నా కడుపు తరుక్కపోయి నేనే పెట్టిన! దానికి పచ్చి మామిడి అంటే పానం. గది ఎవలకు ఎరుక? నాకు ఎరుక!"

"తొక్కు పెట్టుడు గొప్పనా?" అన్నడు తండ్రి. ఆయన గొంతు అట్ల లేవంగ అదే మొదలు. "సర్వపిండి నేను చేసి తెచ్చిన. స్టేషన్ కాడ మా వాళ్ళింట్ల పొయ్యి అడుక్కొని, నా చేతులతోని గిన్నెకు ఒత్తి చేసిన. తల్లి లేని పిల్లను అరచేతులల్ల పెంచిన. నా బిడ్డ ఎవ్వలు లేనిదెట్లయితది?"

"నీ బిడ్డనా? ఏడాది సంది ఎవల ఇంట్ల ఉన్నది? దమ్ము పట్టుకపోతే వీపు ఎవలు రాసిన్రు?"

"కీళ్ళ జ్వరం వచ్చినప్పుడు భుజం మీద ఏసుకొని ఎవలు తిరిగిన్రు?"

"తిరిగి పసరు పోయించినవ్! గదే గద గుండె మీదికి తెచ్చింది!"

"నువ్వు తొక్కు పెట్టి కాళ్ళ మీదికి తెచ్చినవ్!"

వార్డంతా లేచి కూర్చున్నది. అత్త నా చెయ్యి పట్టుకొని గుంజింది. "ఏది ఆయమ్మా గా సిరా? ఇటు పట్టు. పిల్ల నాది, ముందు ఏలు నాది." ఇంకో చెయ్యి తండ్రి పట్టుకున్నడు. "నాది ముందు." సిరా డబ్బా నా చీర మీద ఒలికింది. ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు.

డాక్టరమ్మ గెలిచిన మొఖంతో కాగితం తెప్పిస్తుంటే, మంచం మీది నుంచి మాట వచ్చింది.

"ఆగుండ్రి. నేను ఒప్పుకోను."

అందరం అటు తిరిగినం. పిల్ల నవ్వుతలేదు. చేతిలో సగం చుట్టిన కాగితం బీడీ అట్లనే ఉన్నది.

"ఇన్ని దినాల సంది మీరు మీరు మాట్లాడుకుంటున్నరు. ఆయమ్మ కాళ్ళు అరిగినయ్. నన్ను ఒక్కలన్న అడిగిన్రా?"

అత్త మెత్తబడి దగ్గరకు పోయింది. "నీ పానం కోసమే గద బిడ్డా."

"నా పానం కోసమే గని, నా ముందర కాదు."

డాక్టరమ్మ స్టూలు గుంజుకొని పిల్ల ముందర కూర్చున్నది. అంతసేపటి చురుకు ఆమె మొఖంలో లేదు. "తప్పే. నేనూ గుండె సంగతి చెప్పాను కానీ, నీ మాట అడగలేదు. ఇప్పుడు చెప్పు."

పిల్ల దమ్ము తీసుకుంటూ, ఆగి ఆగి చెప్పింది. "నాకు గూడ ఆశ ఉండె డాక్టరమ్మా. గని నేను ఉంటేనే గద ఏదన్న. నేను బతుకుత. తీసెయ్యుండ్రి. కాకపోతే అత్తా, ఇంటికి పోయినంక నాకు కడుపు నిలవలేదని, గొడ్డుదని ఎవ్వలన్నా అంటే, నేను చెప్పుడు కాదు, నువ్వు చెప్పాలె. గుండె మంచిగ లేక నేనే దగ్గరుండి తీయించిన అని నీ నోటితోని చెప్పాలె."

"చెప్త."

"నీ కొడుకుకు మల్ల లగ్గం అన్న మాట ఆ ఇంట్ల లేవద్దు."

అత్త ఒక్క క్షణం ఆగింది. "లేవది. లేపినోళ్ళ నోట్ల పొగాకు కుక్కుత" అన్నది.

"బాపూ, పట్నంల గుండె ఆపరేషన్ అయ్యేదాక నువ్వే నన్ను తోల్కపోవాలె. పసరాయన దగ్గరికి గాదు. అప్పటిదాక నన్ను తల్లి కమ్మని ఎవ్వలు అడగద్దు."

తండ్రి తల ఊపిండు.

"ఇంకొకటి. ఉప్పు లేని కూడు నేనొక్కదాన్నే ఎందుకు తినాలె? మీరిద్దరు గూడ నాతోని అదే తినాలె."

లగ్గం మాటకు ఒక్క క్షణమే ఆగిన అత్త, ఉప్పు మాటకు బేరం పెట్టింది. "ఒక్క పూట తింట బిడ్డా. రెండు పూటలంటె ఎట్ల?" తండ్రి కూడ ఆమె దిక్కే మాట్లాడిండు. ఎన్నో దినాల తర్వాత ఇద్దరూ ఒక్కటైన్రు. చివరికి డాక్టరమ్మ నడుమ పడి, దవాఖానలో ఉన్నన్ని రోజులు రెండు పూటలూ అని తీర్పు చెప్పింది.

కాగితం వచ్చింది. డాక్టరమ్మ దాన్ని ముందు పిల్ల చేతికి ఇచ్చింది. నేను అలవాటు కొద్దీ పిల్ల బొటనవేలు పట్టుకోబోయిన. "వద్దు ఆయమ్మా, నాకు వచ్చు" అని కలం తీసుకున్నది. ఊరి బడిలో ఆ పిల్ల అయిదు దాకా చదువుకున్నదట. నాలిక కొస పంటి కింద పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం తీరుగ రాసి, గీత కొట్టింది. అత్త, తండ్రి, నేను, ముగ్గురం వంగి చూసినం. మా నలుగురిలో సంతకం వచ్చిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. చాలదన్నది కూడా ఆమె సంతకాన్నే. ఆ సంగతి నాకు అప్పుడు నవ్వుగ అనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తున్నది.

దాని కింద అత్త వేలు పట్టిన. బీడీలు చుట్టిన వేలు, నల్ల మచ్చే పడ్డది. తుడిచి మళ్ళీ పట్టిన, మళ్ళీ మచ్చే. "చూసినవా, నాది తీసుకోండ్రి" అని తండ్రి ముందరికి వచ్చిండు. అత్త మోచేతితో ఆయనను పక్కకు నూకి, ఊపిరి బిగబట్టి ఇంకోసారి ఒత్తింది. ఈసారి రెండు గీతలు కనబడ్డయి. ఆమె మొఖం చూడాలె మీరు. తండ్రిది కూడ పక్కన వేయించినం. ఒక్కటి చాలునని డాక్టరమ్మ చెప్పినా ఆయన వినలేదు.

మరునాడు పొద్దున పని అయింది. గుండె జబ్బు పిల్ల కాబట్టి అందరికీ భయమే. థియేటర్ బయట అత్తా, తండ్రీ ఒక్కటే బెంచి మీద కూర్చున్నరు. పిల్లను బయటికి తెస్తుంటే సిస్టరమ్మ కీర్తన పాడుకుంటూ వచ్చింది. కోపం లేకుండ ఆమె పాడంగ నేను విన్నది ఆ ఒక్కసారే. పిల్ల చెప్పింది నిజమే, ఇంకా మంచిగున్నది.

మీరు చదువుకున్న పిల్లలు మొన్న పోయేముందు నన్ను ఇంకో మాట గూడ అడిగిన్రు గదా, పద్దెనిమిది నిండని పిల్లకు కడుపు తీసేయాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాల్నా అని. నాకు కానూను చదువ రాదు. చూసింది చెప్తున్న. ఈ పిల్లకు అత్త ఉన్నది, తండ్రి ఉన్నడు, ఇద్దరికీ ప్రేమ ఉన్నది. అయినా వాళ్ళ వేళ్ళు కలిసేసరికి పానం మీదికి వచ్చింది. అదే ఇంకో ఏడు, ఇంతే వయసు పిల్ల ఒంటరిగ మా గేటు కాడికి వచ్చింది. పెండ్లి కాలేదు. పెద్దోళ్ళు రావాలె అని చెప్తే, "మా బాపుకు తెలిస్తే నన్ను ఉంచడు" అన్నది. డాక్టరమ్మ బయటికి వచ్చేలోపలే వెళ్ళిపోయింది. ఏ పసరాయన దగ్గరికి పోయిందో, ఏమైందో మాకు తెలియదు. డాక్టరమ్మ ఆ రోజంతా గేటు దిక్కే చూసింది.

అట్లని పెద్దోళ్ళు వద్దంటానా? అనను. వీపు రాయడానికి ఒకరు, పట్నం తీసుకపోవడానికి ఒకరు కావాలె. అంత చిన్న పిల్ల ఒక్కతే ఆ మంచం ఎక్కితే నాకే గుండె తరుక్కుపోతది. కానీ పెద్దోళ్ళు తోడుకు రావాలె, తాళం పెట్టడానికి కాదు. ముందు పిల్ల మాట వినాలె. ఇంట్లోనే భయం ఉన్న పిల్లకు, పెద్ద దిక్కుగ డాక్టరమ్మ అసొంటి మనిషి మాట చాలనాలె. నన్ను అడిగితే నేను చెప్పేది ఇంతే. రేపు మీరు ఆ వార్డులో కాగితం పట్టుకొని నిలబడ్డప్పుడు, సిరా డబ్బా మూత తీసేముందు మంచం దిక్కు ఒక్కసారి చూడుండ్రి.

ఆ పిల్ల సంగతి ఏమైందో చెప్పి ముగిస్త. పట్నంలో గుండె ఆపరేషన్‌కు వంతు రావడానికి రెండేండ్లు పట్టింది. అంతదాకా మందుల మీదనే ఉన్నది. అయినంక, ఒక పొద్దు అత్తా కోడండ్లు ఇద్దరు మా వార్డుకు వచ్చిన్రు. కోడలు మెట్లు ఎక్కి ఆగకుండ నడుచుకుంటూ వచ్చింది. అత్తే వెనకబడ్డది. వచ్చి, నా పక్కన చతికిలబడి, మొఖం ముడుచుకున్నది.

"ఏమైందక్కా? పిల్ల గింత మంచిగున్నది గద" అన్న.

"పిల్ల మంచిగనే ఉన్నది. మాకే మర్యాద లేకపాయె. గంత దూరం పోయి, పొద్దుందాక ఏలు సాపుకొని నిలవడ్డం ఆయమ్మా, నేను, దీని బాపు. ముందు నేనంటె ముందు నేనని గాడ గూడ పంచాయితే. గా పట్నం డాక్టరు అచ్చి, పేషెంటుకు పద్దెనిమిది నిండినయి, మీ ఏళ్ళతోని పని లేదు, బయట కూసోండ్రి అన్నడు. సంతకం ఇదొక్కతే పెట్టింది."

"మరి మీరేం చేసిన్రు?"

"ఏం జేస్తం? బయట కూసున్నం."

కోడలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "అత్తా, కలం పట్టుకునే ముందు బయటికచ్చి మీ ఇద్దరిని అడిగిన్నా, లేదా?"

అత్త కొంచెంసేపు బింకంగ ఉన్నది. తర్వాత నా దిక్కు వంగి, వార్డంతా వినబడేటట్టు చెప్పింది.

"అడిగింది ఆయమ్మా. మేం సరే అన్నంకనే లోపటికి పోయి పెట్టింది."